పుస్తకమూ బంతీ



తునిలోనూ చుట్టుపట్ల గ్రామములలోనూ కుటుంబ కూడికలకు వెళ్ళినప్పుడు మాకు తరచుగా వినబడే మనవి ఒకటున్నది: "అయ్యగారూ, మావాడు ఆటలు మాని పుస్తకం పట్టేలా ప్రార్థన చెయ్యండి." పదవ తరగతి రాగానే బ్యాటు అటకెక్కుతుంది. ఇంటర్మీడియట్‌కు కాకినాడలోనో విశాఖపట్నంలోనో హాస్టలులో వేస్తారు. అక్కడ చాలా కాలేజీలకు ఆటస్థలమే ఉండదు. ఆట చదువుకు శత్రువని మనము ఎప్పుడో తీర్మానించుకున్నాము. అమెరికాలోని ఒక చిన్న కళాశాల కథ తెలుసుకున్న తరువాత ఆ తీర్మానము మీద మాకు సందేహము పుట్టింది.

ఆ కళాశాల పేరు డేవిడ్‌సన్. నార్త్ కరోలినా రాష్ట్రములో ప్రెస్బిటేరియన్ సంఘములవారు 1837లో స్థాపించారు. విద్యార్థులు సుమారు 2000 మంది. చదువు మాత్రము కఠినము. అక్కడ పరీక్ష వ్రాసేటప్పుడు కాపలా ఉండే ఇన్విజిలేటరు ఉండడు. కాపీ కొట్టనని ఇచ్చిన మాట మీద నిలబడి విద్యార్థి వ్రాసి ఇచ్చి రావలసిందే. (మన పరీక్షా కేంద్రముల గోడలెక్కి చీటీలు అందించే బంధువులు ఈ సంగతి వింటే నమ్ముతారా?) ఆటగాళ్ళకైనా ఇదే నియమము.

వారు పేరు తెచ్చుకున్న ఆట బాస్కెట్‌బాల్. 1891లో అమెరికాలోని ఒక వై.ఎం.సి.ఎ. శిక్షణాలయములో, పీచ్ పండ్ల బుట్టలను వ్యాయామశాల పైవసారాకు కొట్టించి ఈ ఆటను మొదలుపెట్టిన జేమ్స్ నైస్మిత్ వేదశాస్త్రము చదివినవాడు, కెనడా దేశస్థుడు. 19వ శతాబ్దములో మన తునికి మిషనరీలు వచ్చినదీ కెనడా నుండే. నైస్మిత్ 1898లో కాన్సస్ విశ్వవిద్యాలయములో చేరి అక్కడ జట్టును తయారుచేశాడు. ఈ కాన్సస్ పేరు గుర్తుంచుకోండి.

1989లో బాబ్ మెకిల్లప్ అనే హైస్కూలు కోచ్ డేవిడ్‌సన్‌కు వచ్చాడు. మొదటి సంవత్సరము గెలిచినవి 4 ఆటలు, ఓడినవి 24. మన యాజమాన్యములైతే ఏమి చేసేవో చెప్పనక్కరలేదు. కళాశాలవారు ఆయనను ఉంచారు. అతని జట్టు జాతీయ కళాశాలల పోటీలకు మొదటిసారి చేరినది 1998లో. అంటే తొమ్మిదేండ్లు! ఈ తొమ్మిదేండ్లే అసలు కథ అని మా అభిప్రాయము. పెద్ద విశ్వవిద్యాలయములు ఏరుకొనిపోయిన తరువాత మిగిలిన పిల్లలలో నుండి ఆయన వెదికేవాడు. నైజీరియా నుండి, ఫ్రాన్సు నుండి, కెనడా నుండి కూడా తెచ్చుకున్నాడు. ఆటతోపాటు ఆ కఠినమైన చదువునూ మోయగలవారే ఆయనకు కావాలి. నమ్మకము, నిబద్ధత, ఒకరిపట్ల ఒకరికి శ్రద్ధ అనే మూడు మాటలను జట్టుకు నేర్పాడు.

అట్లా దొరికినవాడే స్టెఫెన్ కర్రీ. తండ్రి పేరుపొందిన ఆటగాడే గాని కొడుకు పీలగా, పొట్టిగా ఉన్నాడని పెద్ద కళాశాలలు తలుపు తీయలేదు. తండ్రి చదివిన వర్జీనియా టెక్ కూడా స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. 2006లో డేవిడ్‌సన్ తరఫున మొదటి ఆటలో ఆ పిల్లవాడు బంతిని 13 సార్లు ఎదుటివారికి పోగొట్టాడు. మెకిల్లప్ మరుసటి ఆటలోనూ అతనినే దింపాడు. ఆ ఆటలో అతడు 32 పాయింట్లు చేశాడు. ఒక క్వార్టర్లీ పరీక్షలో మార్కులు తగ్గాయని పిల్లవాడిని కాలేజీ మార్చే తల్లిదండ్రులు ఈ రెండు ఆటలను పక్కపక్కన పెట్టి చూడాలి.

2007–08లో జట్టు మొదటి 10 ఆటలలో 6 ఓడింది. ఆ తరువాత వరుసగా 25 గెలిచింది. జాతీయ పోటీలలో గొంజాగాను, జార్జ్‌టౌన్‌ను, విస్కాన్సిన్‌ను ఓడించింది. 1969 తరువాత ఆ పోటీలలో డేవిడ్‌సన్‌కు అవే మొదటి విజయములు. డెట్రాయిట్‌లో జరిగే ఆటలకు విద్యార్థులు వెళ్ళడానికి కళాశాల ట్రస్టీలు బస్సులు, బస, టికెట్లు తామే ఏర్పాటు చేశారు. చివరి నలుగురిలో చేరడానికి ఎదురైనది నైస్మిత్ నాటిన ఆ కాన్ససే. 57–59తో రెండే పాయింట్ల తేడాతో డేవిడ్‌సన్ వెనుకబడి ఉండగా, ఇద్దరు కాపలాదారులు కర్రీని చుట్టుముట్టారు. అతడు బంతిని జేసన్ రిచర్డ్స్‌కు ఇచ్చాడు. ఆ విసురు తప్పింది. ఆ యేడు జాతీయ విజేత కాన్సస్.

కర్రీ 2009లో చదువు ముగించకుండానే వృత్తి ఆటకు వెళ్ళాడు. డిగ్రీ పూర్తిచేస్తానని ఇంటివారికి మాట ఇచ్చాడు. తరువాత లోకమంతా అతని పేరు ఎరుగును. కాని డేవిడ్‌సన్‌లో ఒక పట్టుదల ఉన్నది: పట్టభద్రుడు కానివాని చొక్కా అంకెను గౌరవార్థము పైకెత్తి విరమింపజేయరు. ఎంత కీర్తి వచ్చినా, ఎన్ని కోట్లు సంపాదించినా సరే. ఆటలో కళాశాలకు ఇంత పేరు తెచ్చినవాని విషయములోనూ వారు ఈ నియమమును సడలించలేదు. అది చూస్తే ఆ కళాశాలను మెచ్చుకోకుండా ఉండలేము.

మెకిల్లప్ 33 సంవత్సరములు పనిచేసి 2022 జూన్‌లో విరమించాడు. అదే సంవత్సరము కర్రీ సోషియాలజీలో డిగ్రీ పూర్తిచేశాడు. ఆటల వలన మే నెల స్నాతకోత్సవమునకు రాలేకపోయినందున, ఆగస్టు 31న కళాశాల అతనికోసము ప్రత్యేకముగా సభ జరిపింది. 34 ఏళ్ళ వయస్సులో, ఇద్దరు కుమార్తెలకు, ఒక కుమారునికి తండ్రియై, అతడు నల్లగౌను వేసుకొని పట్టా అందుకున్నాడు. 30వ నంబరు చొక్కాకు ఆ గౌరవము దక్కినది ఆ రోజే.