మార్కుల ఇంట్లో ముగ్గురు పిల్లలు

తెలుగు తెర మీద తోబుట్టువులంటే చాలాకాలం త్యాగాలు, కన్నీళ్లే. 1962 నాటి ‘రక్తసంబంధం’ నుంచి సీరియళ్లలోని ఆస్తి తగాదాల దాకా అన్నాచెల్లెళ్ల కథకు బరువైన సన్నివేశం తప్పనిసరైంది. 2024 జనవరి 5న ఈటీవీ విన్‌లో వచ్చిన ‘90స్ – ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’ ఆ దారి వదిలేసింది. ఆదిత్య హాసన్ రచన, దర్శకత్వంలో ఆరు భాగాలుగా వచ్చిన ఈ సిరీస్ ఒక లెక్కల మాస్టారి ఇంట్లో పెరిగే ముగ్గురు పిల్లల కథ. పెద్దవాడు రఘుగా మౌళి, చెల్లెలు దివ్యగా వాసంతిక, చిన్నోడు ఆదిత్యగా రోహన్ రాయ్ నటించారు.

ఇందులో ప్రతినాయకుడు లేడు, కుట్ర లేదు. నెలంతా సర్దుకోవాల్సిన జీతం, నాన్న చేత సంతకం పెట్టించుకోవాల్సిన ప్రోగ్రెస్ కార్డు, పొద్దున్నే పళ్లెంలో ఉప్మా చూసి ముఖం మాడ్చుకునే చిన్నోడు... కథంతా ఇలాంటి సంగతులతోనే నడుస్తుంది. సమీక్షకులు మొదట మెచ్చుకున్నది దీన్నే. హాస్యం కోసం విడిగా ఒక పాత్రను పెట్టకుండా, ఇంట్లో నలుగురూ మాట్లాడుకునే మాటల్లోంచే నవ్వు పుట్టించారన్నది వారి ప్రశంస. పాతరోజుల జ్ఞాపకాలూ ఈ ఆదరణకు బాగా తోడయ్యాయి.

నటనకూ మంచి పేరు వచ్చింది. అంతకు కొద్ది వారాల ముందే ‘బిగ్ బాస్’ ఏడో సీజన్‌తో మళ్లీ ఇంటింటికీ చేరువైన శివాజీ, తండ్రి చంద్రశేఖర్ పాత్రలో ఒదిగిపోయారు. పిసినారిలా కనిపించే ఆ తండ్రి ప్రతి రూపాయినీ పిల్లల చదువు కోసమే లెక్కపెడుతున్నాడని ప్రేక్షకుడికి తెలుస్తూనే ఉంటుంది. 1998లో ‘తొలిప్రేమ’లో పవన్ కల్యాణ్‌కు చెల్లెలిగా గుర్తుండిపోయిన వాసుకి ఇక్కడ ముగ్గురు పిల్లల తల్లి రాణి. అందరికన్నా ఎక్కువ నవ్వించింది మాత్రం రోహనే. లెక్కల మాస్టారి కొడుకై ఉండి చదువులో వెనకబడే ఆదిత్యను చూసి నవ్వుతాం. కానీ కథ వాణ్ని ఎక్కడా చిన్నబుచ్చదు.

లోపాలనూ విమర్శకులు వదల్లేదు. కథ పలచగా ఉందని, నడక కొన్నిచోట్ల నెమ్మదించిందని ఎత్తిచూపారు. ఆ మాటలో నిజముంది. అయితే మెప్పుకు కారణమైన గుణమే ఈ ఫిర్యాదుకూ కారణం. పెద్ద మలుపులేవీ లేనందువల్లే తోబుట్టువుల చిన్నచిన్న గొడవలకు, అలకలకు అంత చోటు దొరికింది. వేగం పెంచితే ఆ ఇల్లు ఇంత దగ్గరగా కనిపించేది కాదు.

కథ జరిగేది వనపర్తిలో. అయినా అందులోని పదో తరగతి బెంగ తెలుగునాట ఏ ఊరికీ కొత్త కాదు. మామిడికి పేరుపడ్డ నూజివీడునే చూస్తే, 2008లో అక్కడ మొదలైన ట్రిపుల్ ఐటీలో సీటుకు పదో తరగతి మార్కులే ప్రధాన ఆధారం. ఒకే ఇంట్లో పిల్లల్ని మార్కులతో తూచడం ఎంత మామూలైపోయిందో తెలిసిన ఊళ్లలో ఈ సిరీస్ నవ్వు సూటిగా తగులుతుంది.

ఈ ఆదరణ అక్కడితో ఆగలేదు. చిన్నోడు ఆదిత్య పెద్దవాడైన కథతో ఆనంద్ దేవరకొండ, వైష్ణవి చైతన్య జంటగా ఆదిత్య హాసన్ దర్శకత్వంలో సినిమాను 2025లో ప్రకటించారు. అదే ఏడాది సెప్టెంబరులో, ఆదిత్య హాసన్ నిర్మించిన ‘లిటిల్ హార్ట్స్’తో మౌళి వెండితెర కథానాయకుడై విజయం అందుకున్నాడు. ఒక ఇంటి ముగ్గురు పిల్లల సంగతులు ఏ ఆర్భాటమూ లేకుండా చెప్పినా జనం చూస్తారని ‘90స్’ నిరూపించింది.