పాత బోటు కొనుక్కున్న కళాసీ - కాగితం ఎవరి పేర?

రైతన్న మాట వినగానే మనకు నాగలి, కాడి, కళ్లం గుర్తుకొస్తాయి. సముద్రం మీద వేట చేసి బతికే మనిషి ఆ మాటలో ఇమడడని ప్రభుత్వాలు కూడా చాలాకాలం అనుకున్నాయి. రైతుకిచ్చే కిసాన్ క్రెడిట్ కార్డు మత్స్యకారునికీ ఇస్తామని కేంద్రం 2018-19 బడ్జెట్టులోగాని చెప్పలేదు. అలాంటప్పుడు రైతుల సమస్యలు రాసే ఈ శీర్షికలో కళాసీ సంగతి రాస్తే ఎవరికీ అభ్యంతరం వుండనక్కర లేదు. పైగా పొలం కౌలుకు తీసుకున్న రైతుకూ, పాత బోటు కొనుక్కున్న కళాసీకీ వచ్చే చిక్కు ఒకటే. చేసేది ఒకరు, కాగితం మీద వుండేది మరొకరు.

శ్రీకాకుళం, విజయనగరం తీరాన్నుంచి ఏటా వందలాది మంది గుజరాత్‌లోని వేరావల్‌కు వలస పోతున్నారు. అక్కడి బోటు యజమానుల దగ్గర నెలల తరబడి కూలికి వేట చేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్లినవారే తమకు తెలియకుండా సరిహద్దు దాటి పాకిస్తాన్ గస్తీకి చిక్కారు. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర మన నేల మీద కాలు పెట్టారు. పద్నాలుగు నెలల జైలు. అలా వెళ్లి వచ్చిన ఏ కుటుంబాన్ని కదిపినా వినిపించే మాట ఇదే: "పరాయి బోటు మీద ఎన్నాళ్లు సేసినా కూలోడే బాబూ. పాతదో గీతదో ఒక తెప్ప మాదైతే ఇంటికాడుండి ఏటాడుకుంటాం."

ఈ 'పాతదో గీతదో' అన్న మాట దగ్గరే మనం కాస్త ఆగాలి. కళాసీకి మొదటి బోటు ఎప్పుడూ పాత బోటే. కొత్తదానికి 2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద పథకంలో సబ్సిడీ పెట్టారు. సంప్రదాయ మత్స్యకారుని బోటు, వలల యూనిట్ ఖరీదు 5 లక్షలుగా కట్టి, అందులో 40 శాతం, షెడ్యూల్డ్ కులాలు, తెగలు, మహిళలకైతే 60 శాతం ఇస్తామన్నారు. జాలరి, వాడబలిజ కులాలవారు వెనుకబడిన తరగతుల కిందికి వస్తారు గనుక వారికి దక్కేది 40. మిగిలిన 60 ఎక్కడినుంచి తేవాలి? ఆ స్తోమత లేనివాడు ముగ్గురు నలుగురు బావాబావమరుదులతో కలిసి, పుస్తెలు కుదువబెట్టి, ఇంకొకరు వాడి వదిలేసిన తెప్ప వైపు చూస్తాడు. దానికి సబ్సిడీ లేదు. బ్యాంకు గుమ్మం తొక్కినా "పాత బోటుకు అప్పేమిటి?" అంటారు. చివరికి ఆదుకునేది చేపల దళారీ. వడ్డీ తక్కువే చెబుతాడు. కాని పట్టిన చేపంతా తనకే పొయ్యాలి, రేటు తనే కట్టాలి. ఆ తగ్గించి కట్టిన రేటులోనే అసలు వడ్డీ వుంటుందని ఒడ్డున వున్న ప్రతి ఆడకూతురికీ తెలుసు. చేప అమ్మేది ఆమే కదా.

ఇంత చేసి కొన్న బోటు అతనిదవుతుందా? చాలాసార్లు కాదు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఒప్పందం రాసుకుని, పెద్దమనుషుల ఎదుట డబ్బు లెక్కపెట్టి, కొబ్బరికాయ కొట్టి బోటు దించేస్తారు. రిజిస్ట్రేషన్ మాత్రం పాత యజమాని పేరనే వుండిపోతుంది. "వాడు మావోడే, మోసం చెయ్యడు" అంటారు. మోసం చెయ్యకపోవచ్చు. కాని సర్కారు లెక్కకు తెలిసింది కాగితం మీది పేరొక్కటే.

ఆ పేరుకు ఏమేమి అంటుకుని వున్నాయో చూడండి. డీజిల్ సబ్సిడీ లీటరుకు 6 రూపాయల 3 పైసలు వుండేది, 2019లో దాన్ని 9 రూపాయలు చేశారు. నెలకు మరబోటుకు 3,000 లీటర్లు, మోటారు తెప్పకు 300 లీటర్లు పరిమితి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. 2015కు ముందు ఇది 47 రోజులే. ఆ కాలానికి ఇచ్చే భృతి 2019లో 4 వేల నుంచి 10 వేలకు, 2025లో 20 వేలకు పెరిగింది. భృతికి కళాసీల జాబితా రాసేది రిజిస్టరయిన బోటును పట్టుకునే. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు బోట్లను ముక్కలు చేసినప్పుడూ అధికారులు ముందు అడిగింది బోటు కాగితాలే. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ చేపల రేవులో మంటలు లేచి నలభై దాకా బోట్లు కాలిపోయాయి. కాలిన బోటు విలువలో 80 శాతం ఇస్తామని అప్పటి ప్రభుత్వం ప్రకటించింది. విలువ లెక్కగట్టాలన్నా, చెక్కు రాయాలన్నా ముందు యజమాని ఎవరో తేలాలి. బూడిద కుప్ప పక్కన నిలబడి స్టాంపు కాగితం చూపిస్తే తేలే విషయం కాదిది.

కాబట్టి బోటు బేరమాడే ముందు కాగితం బేరమాడాలి. ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట క్రమబద్ధీకరణ చట్టం 1994 నాటిది. దాని ప్రకారం వేట బోటుకు రెండు వేర్వేరు పత్రాలుండాలి. ఒకటి రిజిస్ట్రేషన్, అంటే ఈ బోటు ఫలానావాడిదని. రెండోది లైసెన్సు, అంటే ఈ బోటు ఫలానా రకం వేట చేయవచ్చునని. రెండూ ఒకటేననుకుని మోసపోయినవారున్నారు. రిజిస్ట్రేషన్ వుండి లైసెన్సు గడువు తీరిపోయిన బోటు కొంటే పాత బకాయి కొత్తవాడి మెడకు చుట్టుకుంటుంది.

2008లో బొంబాయి మీద దాడి చేసినవారు పోరుబందరుకు చెందిన ఒక చేపల బోటును పట్టుకుని అందులో వచ్చారు. అప్పటినుంచి తీరమంతా ప్రతి తెప్పకూ నంబరు, ప్రతి కళాసీకీ కార్డు అనే పట్టు బిగిసింది. రిజిస్ట్రేషన్ దేశమంతటికీ ఒకే కంప్యూటరు పద్ధతిలోకి వచ్చింది, దాని పేరు రియల్‌క్రాఫ్ట్. నంబరు 'ఐఎన్‌డి-ఏపీ' అని మొదలవుతుంది, తర్వాత రేవు గుర్తు, ఆ తర్వాత మోటారు తెప్పకు 'ఎంఓ', మరబోటుకు 'ఎంఎం', చివర అంకె. అమ్మేవాడు జిరాక్సు చూపిస్తే ఒప్పుకోవద్దు. అసలు పత్రం తెమ్మనండి. అందులోని నంబరు బోటు మీద రాసిన నంబరుతో సరిపోవాలి. పత్రంలో రాసిన పొడవు, వెడల్పు టేపు పెట్టి కొలిచి చూడాలి. ఇంజను మీద చెక్కిన నంబరు పత్రంలోని నంబరు ఒకటేనా అన్నది మరీ ముఖ్యం. ఒక బోటు కాగితంతో ఇంకొక బోటు అమ్మడం రేవుల్లో కొత్త విద్యేమీ కాదు. బోటు మీద బ్యాంకుకో, సొసైటీకో అప్పుంటే, తీరిందని వారిచ్చిన కాగితం లేకుండా పైసా ఇవ్వకూడదు. బోటు వేరే రేవు నుంచి వస్తుంటే ఆ మార్పును రెండు చోట్లా తెలియజేయాలి.

డబ్బు ఇవ్వడంలో ఒక పద్ధతి పాటించమని మేము గట్టిగా చెబుతాం. మొత్తం ఒకేసారి ఇవ్వకండి. ఒప్పందం రోజున కొంత, పేరు మార్పిడి దరఖాస్తు మీద అమ్మినవాడు సంతకం పెట్టి అధికారి ముందు నిలబడ్డప్పుడు కొంత, కొత్త పత్రం చేతికొచ్చాక మిగిలినది. అమ్మేవాడు ముఖం ముడుచుకుంటాడు. ముడుచుకోనివ్వండి. పూర్తి సొమ్ము ముట్టిన మనిషిని మళ్లీ కార్యాలయం దాకా రప్పించడం ఎంత కష్టమో పడ్డవారిని అడగండి.

నలుగురు కలిసి కొన్నప్పుడు ఒక్కరి పేరనే పెట్టేస్తారు. మిగతా ముగ్గురి వాటా నోటిమాట మీదే వుంటుంది. వీలైనంత వరకు అందరి పేర్లూ పెట్టించండి. వీలుకాకపోతే వాటాల ఒప్పందాన్ని వేరే రాయించి అందరి దగ్గరా తలా ఒక ప్రతి వుంచుకోండి. చేపలు పడని ఏడు బావలు బావల్లా వుండరు.

ఇక బోటు సంగతి. చెక్క మరబోటైతే నీళ్లలో వుండగా చూడటం దండగ, ఒడ్డుకు లాగించి చూడాలి. రంగు కొత్తగా వేశారంటే అనుమానించాలి. అడుగు పలకలను సుత్తితో తట్టుకుంటూ పోతే గట్టి చెక్క ఖంగుమంటుంది, సముద్రపు పురుగు తొలిచింది బొదబొదమంటుంది. ఫైబరు తెప్పకు పురుగు భయం లేదు గాని దాని రోగాలు దానికున్నాయి. మన ఒడ్డున అలలు గట్టివి, ప్రతిరోజూ ఇసుక మీదకు లాగడంలో అడుగు అరిగిపోతుంది. ఇంజను తగిలించే వెనక పలక లోపల చెక్క వుంటుంది. పైన ఫైబరు నున్నగా కనిపిస్తున్నా బోల్టు రంధ్రాల్లోంచి నీరు దిగి లోపలి చెక్క కుళ్లిపోతుంది. అక్కడ నిలబడి ఇంజనును అటూ ఇటూ బలంగా ఊపి చూడండి. పలక కదిలితే బేరం వదిలేయండి, లేదా ఆ పలక మార్చే ఖర్చు తగ్గించుకోండి. తెప్ప తన పరిమాణానికి మించి బరువుగా తోస్తే లోపల నీరు పట్టిందని అర్థం.

ఇంజను చూడటానికి చెప్పిన వేళకు వెళ్లకండి. తెల్లవారుజామున, అమ్మేవాడు దాన్ని వేడి చెయ్యకముందే వెళ్లి చెయ్యి పెట్టి చూడండి. చల్లని ఇంజను ఎన్ని లాగులకు అందుకుంటుందన్నదే పరీక్ష. ఆయిలు పాలలాగా తెల్లగా వుంటే లోపలికి నీరు చేరింది. ఆ తర్వాత ఒక తెలిసిన తండేలును వెంటబెట్టుకుని, మనుషులు, వలల బరువుతో అలలు దాటించి తీసుకెళ్లి రండి. ఖాళీ తెప్పను పరుగెత్తించి చూపిస్తే దానికి విలువ లేదు.

సామాన్లలో ముందు వలలకు, ఆ తర్వాత ఐసు పెట్టెకు డబ్బు పెడతారు. ప్రాణం కాపాడే వస్తువుల దాకా వచ్చేసరికి చేతిలో ఏమీ మిగలదు. ఎక్కిన ప్రతి మనిషికీ ఒక లైఫ్ జాకెట్ వుండాలి, దిండు కింద పెట్టుకోవడానికి కాదు. అలాగే లంగరు, దానికి సరిపడా తాడు, రాత్రి దీపాలు, మంచినీళ్లు, తెడ్లు, దిక్సూచి. జీపీఎస్ ఇప్పుడు చాలామంది దగ్గరుంది, దాని బ్యాటరీ అయిపోయిన రోజున దిక్సూచే గతి. వీహెచ్‌ఎఫ్ రేడియో వుంటే 16వ చానలు ఆపద కోసం వదిలివుంచాలి. కోస్టు గార్డును పిలిచే నంబరు 1554, అది తండేలుకే కాదు, ఇంట్లో ఆడవారికీ నోటికి రావాలి. ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్లను లక్ష బోట్లకు ఉచితంగా బిగించే పనిని కేంద్రం 2024 ఆగస్టు 30న పాల్ఘర్‌లో ప్రారంభించింది. సెల్‌ఫోను అందని దూరం నుంచి కూడా దానితో కబురు పంపవచ్చు, తుపాను హెచ్చరిక అందుకోవచ్చు. ఇదికూడా రిజిస్టరయిన బోటుకే అని వేరే చెప్పాలా? పాత బోటుతోపాటు ఈ పెట్టె కూడా వస్తే అది ఎవరి పేర నమోదై వుందో చూసుకోండి. నడిసముద్రంలో ఆపద సంకేతం మీరు పంపితే, ఒడ్డున ఫోను మోగేది పాత యజమాని ఇంట్లో కాకూడదు.

వల ఏదన్నది కళాసీ ఇష్టం కాదు, లైసెన్సులో రాసినదే. 2022 జనవరిలో విశాఖ తీరంలో రింగు వలల మీద పల్లెలకు పల్లెలే తలపడ్డాయి. ఒడ్డునుంచి 8 కిలోమీటర్ల లోపల సంప్రదాయ తెప్పలవాళ్లదే హక్కు, మరబోట్లు ఆ అవతల వేటాడాలి. ఈ గీతను రోజూ తొక్కేస్తున్నది ఎవరో, చిరిగిన వలలు ఎవరివో తీరంలో ఎవరినడిగినా చెబుతారు. మొదటి తెప్ప కొన్నవాడు కళాసీగా మరబోటు మీద ఆ గీత దాటి వచ్చినవాడే అయివుండవచ్చు. ఇప్పుడు తన వల మీదకు ఆ బోటే వస్తుంది.

మేము ఇక్కడ కొనేవాడికి జాగ్రత్తలు చెబుతున్నాం గాని తప్పంతా అతనిదే అన్నట్లు వినిపించకూడదు. చదువు అంతంతమాత్రంగా వున్న మనిషి, తెల్లవారుజామున వేటకెళ్లి మధ్యాహ్నానికి ఒడ్డుకొచ్చేవాడు, కంప్యూటరు దరఖాస్తు కోసం మూడు రోజుల వేట మానుకుని తిరగలేడు. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు మత్స్య సహాయకులను నియమించారు. పేరు మార్పిడి దరఖాస్తును వారే ఒడ్డు మీద, బోటు పక్కన కూర్చుని నింపే ఏర్పాటు చెయ్యడానికి కొత్త చట్టమేదీ అక్కరలేదు. వేట నిషేధపు 61 రోజుల్లో బోట్లన్నీ ఒడ్డునే వుంటాయి, మనుషులూ వుంటారు. బోట్లను కొలవడానికి, పేర్లు సరిచెయ్యడానికి అంతకన్నా అనువైన కాలం లేదు. పాత బోటు కొనుగోలుకు సహకార సంఘాల ద్వారా తక్కువ వడ్డీ అప్పు ఇవ్వాలన్నది రెండో కోరిక. కేంద్రం 2025 నవంబరులో లోతు సముద్రపు వేటకు తెచ్చిన నిబంధనల్లో సహకార సంఘాలకు ప్రాధాన్యమిస్తామని రాసింది. లోతు సముద్రానికి పెద్ద ఓడ కొనే సంఘానికి దొరికే ఆదరణ, ఒడ్డున పాత తెప్ప కొనే నలుగురికి ఎందుకు దొరకకూడదు?

ఒక సందేహం తరచుగా వస్తుంది. పాత యజమాని పేరు మార్చకుండానే చనిపోతే ఏం చెయ్యాలి? అప్పుడు స్టాంపు కాగితం ఒక్కటే పట్టుకుని కూర్చోకండి. మరణ ధృవీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం తీసుకుని, భార్యా పిల్లలు అందరిచేతా తమకు అభ్యంతరం లేదని రాయించుకుని పేరు మార్పిడికి పెట్టుకోవాలి. ఒక్క కొడుకు సంతకంతో సరిపెట్టుకుంటే రేపు రెండోవాడు వస్తాడు. ఈ పని దుఃఖం తగ్గాక, కాని బోటుకు మంచి ధర పలికే కాలం రాకముందు చేసుకోవాలి.