క్యాంపుకు ఏ పక్క మంచిది?

పోయిన డిసెంబరులో గైడ్స్ క్యాంపుకు చింతపల్లి వైపు వెళ్ళాం. ఆ నెలలో అక్కడ ఉష్ణోగ్రత 10 డిగ్రీల కన్నా తగ్గే రాత్రులుంటాయి. మా అమ్మ పాత చీరలతో కుట్టిన బొంత ఇచ్చింది. అందరూ నవ్వుతారని దాన్ని పెట్టెలో దాచేసి, కొత్త ప్లాస్టిక్ చాప ఒక్కటే పట్టుకుపోయాను. పైన దుప్పటి ఉన్నా వీపు చల్లబడిపోయి రాత్రంతా వణికాను.

ఎందుకని సైన్సు టీచరు గారిని అడిగాను. మన ఒంటి వేడిని నేల లాగేసుకుంటుందట. మధ్యలో కదలని గాలి ఉంటే వేడి తొందరగా పోదు. బొంత పొరల్లో ఆ గాలి ఉంటుంది, పలచని చాపలో ఉండదు. కానీ బొంత తడిస్తే గాలి ఉండే చోట నీళ్ళు చేరతాయి. ఇంక వెచ్చగా ఉండదు.

అందుకని అడుగున ప్లాస్టిక్ చాప, దాని మీద బొంత వెయ్యాలి. చాప తడిని ఆపుతుంది, బొంత చలిని ఆపుతుంది. ఈత చాప గట్టిదే గానీ మోసుకుని నడవడానికి బరువు. ఏది తీసుకున్నా ముందు రెండు పనులు చెయ్యండి:

1. పక్కకు తిరిగి పడుకోండి. తుంటికి నేల గట్టిగా తగలకూడదు.
2. చుట్టి భుజాన వేసుకుని గ్రౌండు చుట్టూ నడవండి.

ఈసారి బొంత తీసుకెళ్తాను. నవ్విన వాళ్ళకి కూడా అందులో చోటిస్తాను.

– 9వ తరగతి విద్యార్థిని