ఉంచుకోవాలా, వదులుకోవాలా?

బరంపురంలో బ్యాంకు ఖాతాలు చూసుకునే నాకు బేస్‌బాల్‌తో పని పడింది న్యూజెర్సీలో ఉన్న మా అక్కయ్య కొడుకు వల్ల. వాడు పదకొండుమంది ఆఫీసు మిత్రులతో ‘ఫాంటసీ బేస్‌బాల్’ ఆడతాడు.

ఈ ఆటకు 1980లో న్యూయార్కులో డేనియల్ ఒక్రెంట్, అతని మిత్రులు రూపం ఇచ్చారు. తాము కలుసుకునే భోజనశాల పేరు మీదుగా ‘రోటిసరీ’ అన్నారు. ఒక్కొక్కరికి 260 డాలర్ల పద్దు. దాంతో 23 మంది నిజమైన ఆటగాళ్లను వేలంలో పాడుకోవాలి. మైదానంలో వారు కొట్టే హోమ్ రన్లు, కన్నుగప్పి తరువాతి బేసుకు ఉరికిన పరుగులు మన జట్టుకు జమ.

మావాడి లీగులో ఏడాదికి ముగ్గురిని పాత ధరకే అట్టిపెట్టుకోవచ్చు. మిగిలినవారు మళ్లీ వేలానికి వెళ్తారు. 2025 సీజనుకు ముందు ఇద్దరి విషయం సులువుగానే తేలింది. 2024లో 67 బేసులు దొంగిలించిన ఎల్లీ డెలా క్రూజ్ పాత ధర 15 డాలర్లు. వేలానికి వస్తే 40 పలుకుతాడని మావాడి అంచనా. ఆ ఏడాదే నేషనల్ లీగు ఉత్తమ నూతన ఆటగాడైన పాల్ స్కీన్స్ 6 డాలర్లవాడు, 25 పలుకుతాడు.

చిక్కంతా మైక్ ట్రౌట్‌తో. 2014, 2016, 2019లలో అత్యుత్తమ ఆటగాడి పురస్కారం పొందినవాడు. కాని గాయాల వల్ల 2021లో 36, 2024లో 29 మ్యాచ్‌లే ఆడాడు. సీజనులో ఉండేవి 162. పాత ధర 32 డాలర్లు.

“మామయ్యా, 2014లో ఇక్కడికొచ్చినప్పుడు నాకెవరూ తెలియదు. ఇతని ఆట చూస్తూనే ఈ ఊళ్లో నలుగురితో మాట కలిపాను. పైగా మా న్యూజెర్సీలో పెరిగినవాడు. ఎలా వదలను?” అన్నాడు.

“తాకట్టు బంగారానికి ఇవాళ్టి ధర కడతాం గాని, పెళ్లినాడు ఎంతకు కొన్నారో అడగం కదరా. 32 నువ్వెప్పుడో ఇచ్చిన ధర. వదిలెయ్. వేలంలో నువ్వూ పాడు. అందరూ చవకగా కొందరిని ఉంచుకున్నారు కనుక చేతుల్లో డబ్బు ఉంటుంది, పాట కాస్త పెరుగుతుంది. 17 దాటితే మాత్రం ఆగిపో” అన్నాను. మూడో స్థానంలో 4 డాలర్ల కుర్రవాణ్ణి ఉంచమన్నాను.

మనసొప్పకపోయినా అలాగే చేశాడు. వేలంనాటి రాత్రి వాడికి నిద్ర లేదట. ట్రౌట్ 16 డాలర్లకు దక్కాడు. 2025లో 130 మ్యాచ్‌లు ఆడి 26 హోమ్ రన్లు కొట్టాడు. సెప్టెంబరులో తన 400వ హోమ్ రన్ కొట్టిననాడు మావాడు ఫోను చేసి అరగంట మాట్లాడాడు. బ్యాటింగ్ సగటు మాత్రం పాతరోజుల నాటిది కాదు. 16కి సరిపోయాడు గాని 32కి కాదు.

మీ పిల్లలు ఫోనులో ఈ ఆట మాటెత్తితే పిల్లచేష్ట అని కొట్టిపారేయకండి. వీసా, జీతం కబుర్లు పక్కనపెట్టి “ఈ ఏడు ఎవరిని ఉంచుకున్నావురా?” అని అడిగి చూడండి. ఇంకాసేపు ఫోను పెట్టరు.