ఎదుటి మనిషిని బట్టి మన మాట

జోగులాంబ గద్వాల జిల్లాలోని రాజోలి తుంగభద్ర ఉత్తరపు ఒడ్డున ఉంది. చీరలు నేసే ఊరు. ఏరు దాటితే కర్నూలు జిల్లా. పడమటికి పోతే రాయచూరు, అంటే కన్నడసీమ. కృష్ణకు, తుంగభద్రకు నడుమ ఉన్న ఈ నేలను జనం నడిగడ్డ అంటారు.

వందేళ్ల కిందట ఈ ఒడ్డు నిజాంది, ఆ ఒడ్డు తెల్లవాళ్ల ఏలుబడిలోని మద్రాసు ప్రెసిడెన్సీది. కచేరీల్లో ఇక్కడ ఉర్దూ నడిచేది, అక్కడ ఇంగ్లీషు. గద్వాల, ఆలంపురం తాలూకాలు అప్పట్లో రాయచూరు జిల్లాలో ఉండేవి. 1956లో భాషను బట్టి రాష్ట్రాలను పంచినప్పుడు రాయచూరు మైసూరుకు పోయింది. ఈ రెండు తాలూకాలు మహబూబ్‌నగర్ జిల్లాలో కలిసి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. ఒకే రాష్ట్రమైన రెండు ఒడ్లు 2014లో మళ్లీ రెండు రాష్ట్రాలయ్యాయి.

నోటిమాటకు ఇంత తేటైన పొలిమేర ఉండదు. మాండలికాల పటం గీసేవాళ్లు ఒక్కో మాటకు, ఒక్కో క్రియారూపానికి విడివిడిగా గీత గీస్తారు. 'ఉన్నడు' ఎక్కడిదాకా వినబడుతుంది, 'ఉండాడు' ఎక్కడ మొదలవుతుంది, 'యాడికి' అనేవాళ్లెవరు, 'ఏడికి' అనేవాళ్లెవరు అని వెతుక్కుంటూ పోతే ఆ గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ సాగుతాయే తప్ప ఏటి వెంబడి బుద్ధిగా నడవవు. పైగా ఒకే మనిషి నోట పొద్దున ఒక రూపం, సాయంత్రం ఇంకో రూపం వినబడుతుంది.

దీనికి కారణం ఏమిటో హోవార్డ్ జైల్స్ అనే సామాజిక మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1970లలో వివరించాడు. ఇద్దరు మాట్లాడుకుంటున్నప్పుడు తమకు తెలియకుండానే ఒకరి యాసకు, వేగానికి, మాటల ఎంపికకు ఇంకొకరు దగ్గరగా జరుగుతారని ఆయన చెప్పాడు. ఎదుటివాళ్లు మెచ్చాలని, తన మాట వాళ్లకు సులువుగా అర్థం కావాలని మనసు కోరుకోవడమే ఇందుకు మూలం. రాజోలి నేతగాడు ఒకతన్ని ఊహించుకుందాం. ఇంట్లో తల్లితో ఒక తీరుగా మాట్లాడతాడు. కర్నూలులో ఉన్న మేనత్త ఇంటికి పోతే రెండు గడియల్లో ఆమె పలుకుబడిలోకి జారుకుంటాడు. హైదరాబాదులో చీరల దుకాణం సేటుతో బేరం మొదలుపెడితే సగం ఉర్దూ వచ్చి కలుస్తుంది. 'నువ్వు మాట మార్చావు' అంటే ఒప్పుకోడు. అతనికి ఆ మూడూ తన మాటలే. నిజంగానే అతనివే.

ఇలాంటి సర్దుబాట్లు తరతరాలు సాగితే భాషల ఎముకలే మారిపోతాయి. మహారాష్ట్రలో సాంగ్లీ దగ్గర కుప్వాడ్ అనే ఊరు ఉంది. మరాఠీ, కన్నడ, ఉర్దూ, తెలుగు మాట్లాడేవాళ్లు అక్కడ శతాబ్దాలుగా ఇరుగుపొరుగున బతుకుతున్నారు. జాన్ గంపెర్జ్, రాబర్ట్ విల్సన్ 1971లో ఆ ఊరి మాటను గురించి రాసిన వ్యాసం ప్రపంచమంతటా పాఠంగా నడుస్తోంది. ఆ ఊళ్లో మరాఠీ, కన్నడ, ఉర్దూల వాక్యాల అల్లిక దాదాపు ఒక్కటైపోయింది. ఒక భాష వాక్యంలో మాటకు మాట మార్చుకుంటూ పోతే రెండో భాష వాక్యం తయారవుతుంది. మన దగ్గర కూడా దక్కనీ ఉర్దూలో తెలుగు 'అని' చేసే పనిని 'బోల్కే' చేస్తుంది. అయినా కుప్వాడ్‌లో ఎవరి మాటలు వాళ్లు విడిచిపెట్టలేదు. నాకు ఈ విషయం ఎంతో విలువైనదిగా తోస్తుంది. వ్యాకరణం ఎవరి చెవికీ తగలదు గనుక అది మెల్లగా కరిగిపోయింది. మాట ఠక్కున వినబడుతుంది. నేను ఫలానా ఇంటివాణ్ని అని చాటేది అదే గనుక దాన్ని పట్టుకున్నారు.

అవమానం ఎదురైతే ఈ పట్టు ఇంకా బిగుస్తుంది. వేల్స్ దేశంలో వెల్ష్ భాష నేర్చుకుంటున్నవాళ్లపై రిచర్డ్ బూరీస్, జైల్స్ కలిసి ఒక ప్రయోగం చేసి 1977లో ప్రచురించారు. దొరల యాసలో ఒక గొంతు, చచ్చిపోతున్న ఈ భాష మీకెందుకని ప్రశ్నించింది. జవాబు చెప్పేటప్పుడు, ఆ భాషను తమ ఉనికిగా భావించేవాళ్ల ఇంగ్లీషులో వెల్ష్ యాస ముందుకన్నా చిక్కబడింది. దగ్గరకు జరగాల్సిన మాట పట్టుబట్టి దూరం జరిగింది.

ఇది చదివినప్పుడు నాకు 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినిలో జరిగిన సభ గుర్తుకొస్తుంది. సంఘసంస్కర్త కర్వే అధ్యక్షత వహించిన ఆ సంఘసంస్కరణ సభలో అల్లంపల్లి వేంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి అడ్డుకున్నారు. ఆ రాత్రే ఆంధ్ర జనసంఘానికి బీజం పడింది. ఆ కదలిక కొనసాగింపుగా 1930లో జోగిపేటలో జరిగిన తొలి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిన సురవరం ప్రతాపరెడ్డి ఈ నడిగడ్డ బిడ్డే. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఒకరు రాస్తే, ఆయన 354 మంది కవులను ఒక్కచోట చేర్చి 1934లో 'గోల్కొండ కవుల సంచిక' వెలువరించాడు. ప్రయోగశాలలో యాస చిక్కబడినట్టే ఇక్కడ ఒక జాతి గొంతు చిక్కబడింది.

పెద్ద సభల్లోనే కాదు, అరుగుమీది పలకరింపులోనూ ఇదే సంగతి ఉంది. ఇంగ్లీషులో ఎవరినైనా ఒకే సర్వనామంతో పిలవచ్చు. తెలుగులో 'వచ్చావా', 'వచ్చారా' అనే రెండింటిలో ఒకటి ఎంచుకోకుండా ఎదుటి మనిషిని చాలా ప్రశ్నలు అడగలేం. రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ 1960లో చెప్పినట్టు ఈ ఎంపికలో అధికారమూ ఉంది, ఆత్మీయతా ఉంది. తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లను కూడా 'పెద్దనాయనా, తిన్నవా?' అని అడగడం మామూలే. మర్యాద అంతా ఆ వరస పిలుపులో, గొంతులో ఉంటుంది. క్రియ చివర 'రు' కోసం చెవులు రిక్కించే వేరే ప్రాంతపు ఆఫీసరుకు అదే మాట పొగరుగా వినబడవచ్చు. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. మర్యాద ఏ చోట దాగుందో ఒకరికి తెలుసు, ఇంకొకరికి తెలియదు.

తెలియనితనం తీర్పుగా మారినప్పుడే నష్టం. మాంట్రియల్‌లో వాలెస్ లాంబర్ట్ బృందం 1960లో ఒకే మనిషి చేత ఇంగ్లీషులో, ఫ్రెంచిలో చదివించి, ఇద్దరు వేరువేరు మనుషులన్నట్టు వినిపించింది. విన్నవాళ్లు ఇంగ్లీషు గొంతుకు ఎక్కువ తెలివి, ఎక్కువ నమ్మకం అంటగట్టారు. ఫ్రెంచి మాట్లాడే విద్యార్థులు కూడా తమ భాష గొంతునే తక్కువ చేశారు. మన సినిమాలు ఏళ్ల తరబడి తెలంగాణ యాసను హాస్యగాడికి, రౌడీకి అప్పగించి ఆ పనే చేశాయి. పాలమూరు పల్లెనుంచి పట్నం బడికి పోయిన పిల్ల తొలి రోజు నోరు విప్పగానే తరగతి నవ్విందంటే, ఆ పిల్ల జవాబు తెలిసి కూడా చెయ్యెత్తదు. చదువులో వెనకబడిందని మనం రాసుకుంటాం. ఇంటిమాటను తప్పుగా దిద్దకుండా, దాని పక్కన పుస్తకపు మాటను ఇంకొకటిగా నేర్పే టీచరు ఆ పిల్లకు ఎంత మేలు చేస్తారో!

ఇంటిమాటలాగే పనిమాటనూ కాపాడుకోవాలి. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తిపదకోశాన్ని 1962లో వ్యవసాయ పదాలతో మొదలుపెట్టి, 1971లో రెండో సంపుటంగా చేనేత పదాలను తెచ్చారు. పడుగు, పేక, నాడె, కండె, ఆసు వంటి పనిమాటలు ఊరూరికీ ఎలా మారతాయో మగ్గాల దగ్గర కూర్చుని అడిగి రాసుకున్న ఫలం అది. 2009 అక్టోబరు వరద రాజోలిలో ఇళ్లతో పాటు మగ్గాలనూ ముంచింది. నేత విడిచిన ఇంట్లో పిల్లలకు ఆ పనిమాటలు వినే సందర్భమే ఉండదు. ఇప్పుడు జేబులో ఫోను ఉన్న ఏ డిగ్రీ విద్యార్థి అయినా గుంట మగ్గం పక్కన ఒక పూట కూర్చుని, ఏ భాగాన్ని ఏమంటారో పెద్దల గొంతులోనే రికార్డు చేయవచ్చు. అదే ప్రశ్నలతో ఏరు దాటి అవతలి ఒడ్డున కూడా అడిగితే, మొదట చెప్పుకున్న ఆ మాండలికాల గీతలు ఎక్కడెక్కడ కోసుకుంటున్నాయో కొత్తగా తెలుస్తుంది.