భాగం 7: జంతు సంజ్ఞానం – కోతికి ఏం తెలుసు? ఎలా తెలుసుకోవాలి?

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• జంతు సంజ్ఞానం అంటే ఏమిటో వివరించగలుగుతారు.
• ఒక ప్రవర్తనకు ఉండగల వేరువేరు కారణాలను విడదీసి చూడగలుగుతారు.
• కోతుల మీద జరిగిన కొన్ని ముఖ్య పరిశోధనలను, వాటి పరిమితులను చెప్పగలుగుతారు.
• మీ ఊరిలో వినిపించే ఒక నమ్మకాన్ని పరీక్షించడానికి పరిశీలన పద్ధతిని రూపొందించగలుగుతారు.

7.1 పరిచయం

నంద్యాల జిల్లాలోని ఉయ్యాలవాడ కుందూ నది పరీవాహకంలో ఉన్న ఊరు. తూర్పున ఆళ్లగడ్డ దాటితే నల్లమల కొండలు కనిపిస్తాయి. పంట చేతికొచ్చే రోజుల్లో ఈ ప్రాంతపు రైతులకు కోతుల బెడద తప్పదు. మొక్కజొన్న కంకి పాలు పోసుకొనే దశలో గుంపు ఒక్కసారి చేనిలో దిగితే, తిన్నదానికంటే విరిచి పారేసింది ఎక్కువ ఉంటుంది. అందుకే ఇంటికొకరు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాపలా ఉంటారు.

ఈ కాపలా గురించి మా వైపు ఒక మాట ఉంది: "ఆడమనిషి ఉంటే కోతికి లెక్కే లేదు. మగవాడు కనిపిస్తేనే పోతుంది." పంట పోయిన రోజు ఈ మాట కాపలా ఉన్న ఆమె మీద నిందగా మారుతుంది. నేను కూడా ఒకప్పుడు తరగతిలో, కోతుల తెలివికి ఉదాహరణగా ఈ మాటను చెప్పేవాణ్ణి. ఒకసారి ఒక విద్యార్థిని లేచి, "సార్, మా అమ్మ చేతిలో కర్ర ఉండదు, కొడవలి ఉంటుంది. ఆమె గడ్డి కోసుకుంటూ కాపలా కాస్తుంది. మా నాన్న కర్ర పట్టుకొని ఊరికే నిలబడతాడు. కోతి చూసింది ఆడా మగా అనా, లేక ఇంకేదైనానా?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. ఆమె ప్రశ్నే ఈ భాగానికి ఆధారం.

7.2 సంజ్ఞానం అంటే ఏమిటి?

పరిసరాల నుంచి సమాచారాన్ని గ్రహించడం, గుర్తుంచుకోవడం, పోల్చుకోవడం, దాన్నిబట్టి ఏం చేయాలో నిర్ణయించుకోవడం – ఈ ప్రక్రియలన్నిటినీ కలిపి సంజ్ఞానం అంటారు. ప్రవర్తన కంటికి కనిపిస్తుంది. సంజ్ఞానం కనిపించదు. కనిపించే దాన్నిబట్టి కనిపించనిదాన్ని ఊహించాలి కాబట్టి ఇక్కడ పొరపాట్లకు అవకాశం ఎక్కువ.

పొరపాట్లు రెండు వైపులా జరుగుతాయి. "కోతి పగబట్టింది", "కావాలనే నాశనం చేసింది" అన్నప్పుడు మన మనసును దానికి అంటగడుతున్నాం. "అది జంతువు, దానికేం తెలుసు" అన్నప్పుడు దానికి ఉన్న సామర్థ్యాన్ని కూడా కాదంటున్నాం. బ్రిటిష్ మనోవిజ్ఞానవేత్త లాయిడ్ మోర్గాన్ 1894లో ఒక జాగ్రత్త సూచించాడు: ఒక ప్రవర్తనను సరళమైన మానసిక ప్రక్రియతో వివరించగలిగినప్పుడు, దానికి ఉన్నతమైన ప్రక్రియను ఆపాదించకూడదు. దీనినే మోర్గాన్ సూత్రం అంటారు. జంతువులకు తెలివి లేదని ఈ సూత్రం చెప్పదు. తెలివి ఉందని చెప్పేముందు మిగిలిన కారణాలను తోసిపుచ్చమంటుంది.

7.3 గంగిరెద్దు చెప్పే పాఠం

సంక్రాంతికి గంగిరెద్దు మన వాకిట నిలబడి, "అమ్మగారికి దండం పెట్టు" అనగానే తల వంచుతుంది. దానికి తెలుగు అర్థమైందని మనం అనుకోం. ఆడించేవాడి గొంతులోని మార్పు, తాడు కదలిక, సన్నాయి ఆగడం వంటి గుర్తులకు అది తర్ఫీదు పొందిందని అందరికీ తెలుసు.

20వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం ఇదే విధంగా పండితులను ఆశ్చర్యపరచింది. లెక్క అడిగితే సరైన సంఖ్య వచ్చేదాకా గిట్టతో నేలను తట్టి ఆపేది. ఆస్కార్ ఫంగ్‌స్ట్ అనే పరిశోధకుడు దాన్ని పరీక్షించి 1907లో తన ఫలితాలు ప్రకటించాడు. ప్రశ్న అడిగేవారికే జవాబు తెలియనప్పుడు, లేదా అడిగేవారు గుర్రానికి కనిపించనప్పుడు హాన్స్ తప్పు చెప్పేది. అడిగేవారు తమకు తెలియకుండానే, సరైన సంఖ్య రాగానే తలను కొద్దిగా కదిలించేవారు. గుర్రం చూసింది ఆ కదలికనే.

ఇక్కడ రెండు విషయాలు గమనించండి. హాన్స్‌కు లెక్కలు రావు. అయినా మనుషులే గుర్తించని సూక్ష్మమైన కదలికను అది పట్టుకోగలిగింది. అంటే దాని సామర్థ్యం మనం వెతికినచోట లేదు, మరోచోట ఉంది. చాలా జంతువులు మనల్ని మనం అనుకొనేదానికంటే శ్రద్ధగా గమనిస్తాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
హాన్స్‌కు లెక్కలు రావని ఏ రెండు పరిస్థితుల వల్ల తెలిసింది?

7.4 ఎదుటివారి చూపును గుర్తించడం

"మనం చూడనప్పుడే కోతి వస్తుంది" అని రైతులు అంటారు. ఈ విషయాన్ని ప్రయోగం ద్వారా పరీక్షించినవారు ఉన్నారు. ప్యూర్టో రికో దగ్గర కాయో శాంటియాగో అనే చిన్న దీవి ఉంది. 1938లో భారతదేశం నుంచి తీసుకువెళ్లిన రీసస్ కోతులను అక్కడ వదిలారు. వాటి సంతతి ఇప్పటికీ అక్కడ స్వేచ్ఛగా తిరుగుతోంది. జొనాథన్ ఫ్లాంబామ్, లారీ శాంటోస్ అనే పరిశోధకులు ఆ కోతుల మీద చేసిన ప్రయోగాలు 2005లో వెలువడ్డాయి.

ఇద్దరు మనుషులు ఒక్కొక్క ద్రాక్షపండు పెట్టుకొని నిలబడతారు. ఒకరు కోతివైపు తిరిగి ఉంటారు, రెండోవారు వీపు తిప్పి ఉంటారు. కోతి ఎవరి దగ్గర దొంగిలిస్తుంది? వీపు తిప్పినవారి దగ్గరే ఎక్కువగా దొంగిలించాయి. తరవాత తేడాను క్రమంగా తగ్గించారు. ఒంటిని కాకుండా ముఖాన్ని మాత్రమే, ఆపైన కళ్లను మాత్రమే పక్కకు తిప్పారు. మరో ప్రయోగంలో ఒకరి కళ్లకు అడ్డు పెట్టారు, మరొకరి నోటికి అడ్డు పెట్టారు. ప్రతిసారీ కోతులు తమను చూడలేని మనిషినే ఎంచుకొన్నాయి.

ఈ ప్రయోగం బలం దాని క్రమంలో ఉంది. వీపు తిప్పిన మనిషితో ఆపి ఉంటే, "ముందువైపు కనిపిస్తే భయం" అనే సరళమైన వివరణ మిగిలిపోయేది. ఒక్కొక్క అంశాన్ని విడదీయడంతో, కళ్లు ఎటు ఉన్నాయన్నది వాటికి ముఖ్యమని తేలింది. "చూడటం అంటే ఏమిటో" కోతికి అర్థమైందా, లేక "కళ్లు కనిపిస్తే ప్రమాదం" అనే నియమాన్ని అనుభవంతో నేర్చుకొందా అన్న చర్చ మాత్రం ముగియలేదు.

ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. రాయలసీమలో మనం తరతరాలుగా చూస్తున్న కోతి రీసస్ కాదు. అది తల మీద టోపీలాంటి జుట్టు, పొడవైన తోక ఉన్న బానెట్ మకాక్. రీసస్ కోతులు దక్షిణానికి విస్తరిస్తూ బానెట్ కోతుల స్థానాలను ఆక్రమిస్తున్నాయని 2011లో భారతీయ పరిశోధకులు హెచ్చరించారు. ఒక జాతి మీద వచ్చిన ఫలితాన్ని దగ్గరి జాతికి వర్తింపజేసేటప్పుడు దాన్ని ఊహగానే ఉంచుకోవాలి.

7.5 మనుషులతో బేరం

బానెట్ కోతుల మీద కర్ణాటకలోని బందీపూర్‌లో జరిగిన అధ్యయనం 2018లో వెలువడింది. అక్కడి కోతులు ఆహారం పట్టుకొన్న మనుషుల ముందు ప్రత్యేకంగా కూత పెట్టడం, చెయ్యి చాచడం చేస్తున్నాయని, మనిషి దృష్టి తమ మీద ఉందో లేదో గమనిస్తున్నాయని పరిశోధకులు నమోదు చేశారు. మనుషుల మధ్య బతుకుతూ, మనుషుల కోసం ఏర్పరచుకొన్న సంకేతాలివి.

ఇండోనేషియాలోని బాలి దీవిలో ఉలువాటు ఆలయం దగ్గర కోతులు యాత్రికుల కళ్లద్దాలు, ఫోన్లు లాక్కొని, తిండి ఇస్తేనే వదిలిపెడతాయి. మనుషులు ఎక్కువ విలువ ఇచ్చే వస్తువులను ఎంచుకొనే నేర్పు పిల్ల కోతులకంటే పెద్దవాటిలో ఎక్కువగా ఉందని 2021లో వెలువడిన పరిశోధన తెలిపింది. అంటే ఇది పుట్టుకతో వచ్చిన విద్య కాదు, ఏళ్ల తరబడి అబ్బినది.

మన అహోబిలం మెట్ల దగ్గరి దృశ్యాన్ని దీనితో పోల్చి చూడండి. పది మంది యాత్రికుల్లో ఒకరిద్దరు అరటిపండు ఇస్తారు, మిగిలినవారు అదిలిస్తారు. ప్రతిసారీ కాకుండా అప్పుడప్పుడు మాత్రమే ఫలితం దొరకడాన్ని పాక్షిక పునర్బలనం అంటారు. ఇలా నేర్చుకొన్న ప్రవర్తన త్వరగా పోదని ప్రయోగశాలల్లో చాలాకాలం కిందటే రుజువైంది. ఎప్పుడో ఒకసారి దొరుకుతుంది కాబట్టి, దొరకనప్పుడు కూడా ప్రయత్నం ఆగదు. కొండ దగ్గర భక్తితో పెట్టిన పండు, మనిషి చేతిలో తిండి ఉంటుందనే పాఠాన్ని కోతికి నేర్పుతుంది. అలా నేర్చిన గుంపును పట్టి మరోచోట వదిలితే, ఆ పాఠం కూడా దానితోపాటే కొత్త ఊరికి వెళుతుంది.

7.6 బెదిరింపులు ఎందుకు పాతబడతాయి?

దక్షిణ భారతంలో రిచర్డ్ కాస్, ఉమా రామకృష్ణన్ బానెట్ కోతులకు చిరుత బొమ్మలను చూపించి, 2000లో ఫలితాలు ప్రకటించారు. నల్ల చిరుత బొమ్మకంటే మచ్చలున్న బొమ్మను చూసి అవి త్వరగా పారిపోయాయి. కర్ణాటకలో కొందరు రైతులు కుక్కకు పులి చారలు వేయడం, సిద్దిపేట జిల్లాలో ఒక రైతు చేనికి ఎలుగుబంటి వేషం వేసిన మనిషిని కాపలా పెట్టడం మీరు వార్తల్లో చూసే ఉంటారు. కోతుల సహజ భయాన్ని వాడుకొనే ప్రయత్నాలివి.

అయితే హాని చేయని ప్రేరణ మళ్లీ మళ్లీ ఎదురైతే స్పందన తగ్గిపోతుంది. దీన్ని అభ్యస్తత అంటారు. ఒకేచోట కదలకుండా ఉండే దిష్టిబొమ్మ, ఒకే వేళకు పేలే టపాసు కొద్ది రోజుల్లో పాతబడతాయి. బెదిరింపు చోటు, వేళ, రూపం మారుతూ ఉంటే అభ్యస్తత ఆలస్యమవుతుంది. కొండముచ్చును పట్టి తెచ్చి చేనిలో కట్టేయడం మాత్రం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరమని గుర్తుంచుకోండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
పాక్షిక పునర్బలనానికి, అభ్యస్తతకు మీ ఊరి నుంచి ఒక్కొక్క ఉదాహరణ ఇవ్వండి.

7.7 మళ్లీ ఆ విద్యార్థిని ప్రశ్నకు

ఇప్పుడు "కోతి ఆడవాళ్లకు భయపడదు" అన్న మాటను పరిశీలిద్దాం. ఇందులో కనీసం నాలుగు అంశాలు కలిసిపోయి ఉన్నాయి: కాపలా మనిషి ఆడా మగా అన్నది, చేతిలో కర్ర లేదా వడిసెల ఉందా అన్నది, గతంలో రాయి విసిరారా అన్నది, కళ్లు ఎటు ఉన్నాయన్నది. గడ్డి కోసుకొంటూ, కలుపు తీసుకొంటూ కాపలా కాసే మనిషి చూపు నేలమీద ఉంటుంది. కాయో శాంటియాగో ఫలితం ఇక్కడ కూడా వర్తిస్తే, గుంపు ఎదురుచూసేది ఆ వంగిన తల కోసమే. అప్పుడు తప్పు ఆమెది కాదు, ఒకే మనిషికి రెండు పనులు అప్పజెప్పడంలో ఉంది. అయితే ఇది కూడా పరీక్షించవలసిన పరికల్పనే.

అభ్యాసం: ఒకే చేనిలో, ఒకే వేళకు, నాలుగు రకాల కాపలాను వేరువేరు రోజుల్లో ఏర్పాటు చేయండి: కర్రతో పురుషుడు, కర్ర లేకుండా పురుషుడు, కర్రతో స్త్రీ, కర్ర లేకుండా స్త్రీ. నలుగురూ వేరే పని పెట్టుకోకుండా గుంపునే చూస్తూ నిలబడాలి. ఏ రోజు ఎవరన్నది చీటీలు వేసి నిర్ణయించండి. గుంపు ఎన్ని అడుగుల దూరంలో ఆగింది, ఎన్ని నిమిషాలకు చేనిలో దిగింది అన్నవి మాత్రమే రాయండి. "భయపడింది", "ఎగతాళి చేసింది" వంటి మాటలు నమోదులో రాయకూడదు. తరవాతి విడతలో అదే మనిషిని ఒకరోజు నిలబడి చూస్తూ, మరొకరోజు వంగి పని చేస్తూ ఉండమనండి. ఒక్కొక్క రకాన్ని ఒకటి రెండు రోజులు చూసి తీర్పు చెప్పకండి.

పరిశీలించేటప్పుడు కోతులకు తిండి పెట్టకూడదు, రాళ్లు విసరకూడదు, పిల్ల కోతుల దగ్గరికి వెళ్లకూడదు. కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బుతో 15 నిమిషాలపాటు నీటి ధార కింద కడిగి, ఆసుపత్రికి వెళ్లాలి.

7.8 సారాంశం

జంతు సంజ్ఞానాన్ని నేరుగా చూడలేం, ప్రవర్తన ద్వారా మాత్రమే అంచనా వేయగలం. మోర్గాన్ సూత్రం, హాన్స్ ఉదంతం సరళమైన కారణాలను ముందు పరీక్షించమని చెబుతాయి. అలా పరీక్షించినప్పుడు కోతులు మనిషి చూపును గమనిస్తాయని, మనుషుల కోసం సంకేతాలు ఏర్పరచుకొంటాయని, వస్తువుల విలువను అనుభవంతో నేర్చుకొంటాయని తెలిసింది. పాక్షిక పునర్బలనం వాటి ప్రయత్నాన్ని నిలబెడుతుంది, అభ్యస్తత మన బెదిరింపులను బలహీనపరుస్తుంది. కోతి గురించి పరీక్షించకుండా నమ్మిన మాట కొన్నిసార్లు మనిషికి అన్యాయం చేస్తుంది.

7.9 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. మోర్గాన్ సూత్రాన్ని ఒక స్థానిక ఉదాహరణతో వివరించండి.
2. పట్టిన కోతులను మరోచోట వదలడం సమస్యను ఎందుకు పరిష్కరించదు?

II. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఎదుటివారి చూపును కోతులు గుర్తిస్తాయా? కాయో శాంటియాగో ప్రయోగాల ఆధారంగా చర్చించండి.
2. పశుపక్ష్యాదుల గురించి మీ ఊరిలో ఉన్న ఒక నమ్మకాన్ని తీసుకొని, అందులో కలిసిపోయిన అంశాలను విడదీసి, పరిశీలన పద్ధతిని రూపొందించండి.

7.10 పదకోశం

సంజ్ఞానం: సమాచారాన్ని గ్రహించి, గుర్తుంచుకొని, నిర్ణయానికి వాడుకొనే మానసిక ప్రక్రియలు.
పరికల్పన: పరీక్షకు నిలబెట్టదగిన ఊహ.
పాక్షిక పునర్బలనం: ఒక ప్రవర్తనకు ప్రతిసారీ కాక అప్పుడప్పుడు ఫలితం దొరకడం.
అభ్యస్తత: హాని లేని ప్రేరణ పదేపదే ఎదురైనప్పుడు స్పందన తగ్గడం.