మీకు తెలుసా? ప్లగిన్ మేనేజర్ బరువంతా ఎడిటరే మోస్తుంది

కోల్‌కతా భవానీపూర్‌లో జదుబాబు బజారు పక్క సందులో పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నవాళ్లైనా ఒక్క సాయంత్రంలో విమ్ ఎడిటర్‌కు సొంత ప్లగిన్ మేనేజర్ రాసేసుకోవచ్చు. గిట్ ఉంటే చాలు.

ఒకప్పుడు ప్లగిన్ల ఫైళ్లన్నీ ఒకే చోట కలిసిపోయేవి. ఒకటి తీసేయాలంటే ఏ ఫైలు ఏ ప్లగిన్‌దో తేలేది కాదు. టిమ్ పోప్ రాసిన ‘పాథోజెన్’ ఒక్కో ప్లగిన్‌కు ఒక్కో ఫోల్డర్ కేటాయించి ఆ చిక్కు విడదీసింది. 2016లో విమ్ 8.0 ఆ సదుపాయాన్ని ఎడిటర్‌లోనే పెట్టింది. ‘ప్యాక్’ ఫోల్డర్ లోపల మనకు నచ్చిన పేరుతో ఒక ఫోల్డర్, దాని కింద ‘స్టార్ట్’, ‘ఆప్ట్’. స్టార్ట్‌లో ఉన్నవి ఎడిటర్ తెరవగానే లోడవుతాయి. ఆప్ట్‌లోవి ‘ప్యాక్‌యాడ్’ అని పిలిచేదాకా కదలవు. అరుదుగా వాడేవాటికి ఆప్టే మేలు.

ఇక మనం రాసే స్క్రిప్టుకు మిగిలేది కొంచెమే: ప్లగిన్ల జాబితా చదవడం, లేనివాటిని క్లోన్ చేయడం, ఉన్నవాటిని పుల్ చేయడం. నెట్ నెమ్మదైతే క్లోన్‌కు ‘డెప్త్ 1’ చేర్చండి, పాత చరిత్ర దిగదు. ‘హెల్ప్‌ట్యాగ్స్’ నడపడం చాలామంది మర్చిపోతారు. అది లేకపోతే కొత్త ప్లగిన్ సహాయ పేజీలు వెతికినా దొరకవు.

అప్‌డేట్ తర్వాత ఏదైనా తిరగబడితే? ప్రతి ప్లగిన్ కమిట్ హ్యాష్‌ను ముందే ఒక ఫైల్లో రాసిపెట్టుకుంటే, గిట్ చెకౌట్‌తో నిన్నటి స్థితికి వెళ్లిపోవచ్చు.

మరో ఎడిటర్ ఈమ్యాక్స్‌లోనైతే ప్యాకేజీ మేనేజర్ 2012 నాటి 24వ వెర్షన్ నుంచే ఉంది. తెలుగు టైపింగ్‌కు మాత్రం ఏ ప్యాకేజీ అక్కర్లేదు: ఐట్రాన్స్, ఇన్‌స్క్రిప్ట్ పద్ధతులు రెండూ అందులోనే వస్తాయి.